అంబాసిడర్, పద్మిని: మన జ్ఞాపకాల్లో ఉన్నదీ, మా షెడ్డులో కనబడేదీ

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న పెట్టిన కార్లు బాగుచేసే షెడ్డును ఇప్పుడు నేను నడుపుతున్నాను. కొత్త బండ్ల పని దాదాపు మానేశాను. పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు, అప్పుడప్పుడూ ఒక టాటా ఎస్టేట్ నా దగ్గరికి వస్తుంటాయి. తమ నాన్న పోయాక రేకుల కింద పదేళ్లో పదిహేనేళ్లో ఉండిపోయిన బండిని అమ్మడానికి మనసొప్పక తెస్తారు పిల్లలు. డల్లాస్ నుంచో బెంగళూరు నుంచో సెలవు మీద వచ్చి, డోరు తీసి, వెనక సీట్లో ఒక్క నిమిషం కూర్చుంటారు. ఆ నిమిషం నేను పక్కకి వెళ్లిపోతాను.

తర్వాత మాటలు మొదలవుతాయి. అందులో కొన్ని నేను ప్రతిసారీ వినేవే. ప్రేమకొద్దీ అన్నవే అన్నీ. కానీ వాటిని నమ్మి పని మొదలుపెడితే బండి చెడుతుంది, ఒక్కోసారి మనుషులకే ప్రమాదం.

అపోహ: "ఆ రోజుల్లో బండ్లు అసలు ఆగేవి కావండీ."

ఆగేవి. ఏప్రిల్, మే నెలల్లో అయితే మరీను. పద్మినిలో పెట్రోలు పంపు ఇంజన్ పక్కనే ఉంటుంది, ఇంజన్‌తోనే నడుస్తుంది. ఆ వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరై బుడగ కట్టి, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే కార్బొరేటర్‌కి చేరేది కాదు. హైదరాబాద్ రోడ్డు మీద చెట్టు కింద బండి ఆపి, బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి అరగంట కూర్చోవడం మీలో చాలామందికి గుర్తుండాలి. పిల్లలకి అది మజిలీ. అమ్మ పులిహోర డబ్బా తీసేది. అందుకే మనకి భోజనం గుర్తుంది, బండి చెడిన సంగతి గుర్తులేదు.

ఇక ఆగకుండా నడిచిన రోజుల సంగతి. ఒక మార్క్ 3 మోడల్ అంబాసిడర్ డ్యాష్‌బోర్డు గూట్లో నాకు ఒక నోటుపుస్తకం దొరికింది. యజమాని చేతిరాత. ఏ తారీఖున ముందు చక్రాల నిపుల్స్‌కి గ్రీజు కొట్టించారు, ఎప్పుడు ప్లగ్గుల్లో నిప్పురవ్వ సమయానికి పడేలా చూసే పాయింట్ల గ్యాపు సరిచేయించారు, ఎప్పుడు ప్లగ్గులు గరుకు కాగితంతో రుద్దారు, రేడియేటర్‌లో ఎన్ని నీళ్లు తగ్గాయి అన్నీ ఉన్నాయి. వెయ్యి, పదిహేను వందల కిలోమీటర్లకోసారి గ్రీజు. పుస్తకం చివరిదాకా ఒక్క పేజీ ఖాళీ లేదు. కొడుకు ఆ పుస్తకాన్ని అంతకుముందు ఎప్పుడూ చూడలేదట. "నాన్న ఆదివారం పొద్దున బండి తుడుస్తున్నాడనుకునేవాళ్లం" అన్నాడు. ఆ బండికి మనం ఇచ్చే మెచ్చుకోలు చాలావరకు ఆ ఆదివారాలకి చెందాలి.

అపోహ: "ఇనుము బండి. గుద్దినా ఏమీ కాదు."

దీనిమీద నేను ఎవరితోనైనా వాదిస్తాను. ముందుగా బరువు: అంబాసిడర్ దాదాపు 1,100 కిలోలు. నేటి చిన్న ఎస్‌యూవీలు చాలావరకు అంతో అంతకంటే ఎక్కువో తూగుతాయి. అది టన్నులకొద్దీ ఇనుమన్నది మన ఊహ. రెండోది, గుద్దినప్పుడు బండి నలగకపోవడం మంచిదనుకోవడం. ఇప్పటి కార్ల ముందు భాగాన్ని నలిగేలాగే తయారుచేస్తారు. ఆ నలగడంలోనే దెబ్బ సగం ఖర్చవుతుంది. పాత బండిలో ముందు భాగం గట్టిగా ఉండి, దెబ్బ లోపలి మనుషుల దాకా వచ్చేస్తుంది. స్టీరింగ్ రాడ్డు మడత పడదు, నేరుగా డ్రైవర్ ఛాతీకి ఎదురుగా ఉంటుంది. మన దేశంలో 1994కి ముందు తయారైన కార్లకి ముందు సీటుకి కూడా బెల్టు తప్పనిసరి కాదు.

మార్క్ 3, మార్క్ 4 అంబాసిడర్లలో నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. వాన నీళ్లలోంచి వచ్చాక రెండు మూడుసార్లు నొక్కితే తప్ప పట్టవు. ముందు సీట్లో నాన్న పక్కన నిలబడి, డ్యాష్‌బోర్డు పట్టుకుని ప్రయాణం చేసినవాణ్ణే నేనూ. ఆ సుఖం నాకు తెలుసు. మనం క్షేమంగా చేరామంటే రోడ్లు ఖాళీగా ఉండటం, బండి యాభై దాటకపోవడం వల్ల. ఇప్పుడు ఆరు వరసల రోడ్డు మీద పక్కనుంచి లారీ నూరు మీద పోతుంటే మీ పిల్లల్ని అలా నిలబెట్టకండి. నేను చేసిచ్చే ప్రతి బండికీ బెల్టులు బిగిస్తాను. అడిగినా అడగకపోయినా సరే. డోర్ల మధ్య ఉండే పిల్లరుకీ, ఫ్లోరుకీ లోపలి నుంచి దళసరి ప్లేటు అతికి, దాని మీద బోల్టు వేయాలి. ఊరికే రేకుకి బిగించిన బెల్టు దెబ్బకి ఊడి వస్తుంది.

అపోహ: "లారీలాగా దీనికీ కింద చాసిస్ ఉంటుంది. బాడీ తుప్పు పడితే ఏముంది, పుట్టీ పెట్టి రంగేస్తే సరి."

చాసిస్ అంటే బాడీ కింద విడిగా ఉండే ఇనుప చట్రం. అంబాసిడర్‌కి అది లేదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 బండినే పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్స్ 1957 నుంచి 2014 దాకా తయారుచేసింది. ఆ బాడీయే బండి బరువంతా మోస్తుంది. డోర్ల కింద పొడవునా పెట్టెలా ఉండే భాగం, పెడల్స్ దగ్గరి ఫ్లోరు, డిక్కీ అడుగు తుప్పు పట్టాయంటే బండికి నడుము విరిగినట్టే. మచిలీపట్నం, విశాఖ వైపు ఉప్పుగాలికి తిరిగిన బండ్లలో ఇది ఎక్కువ.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. డోరు మూసి, పక్క నుంచి జాకీతో ఎత్తండి. ఇప్పుడు డోరు తీసి మళ్లీ వేయండి. ముందు తేలిగ్గా పడ్డ డోరు ఇప్పుడు రాసుకుంటున్నా, పట్టేస్తున్నా బాడీ వంగుతోందని అర్థం. పుట్టీ పని ఒప్పుకోకండి. కుళ్లిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేసేవాణ్ణి వెతకండి. ఖర్చు మూడింతలైనా సరే.

అపోహ: "ఆ వాసన కూడా అలాగే రావాలి."

ఈ కోరిక విన్నప్పుడల్లా నాకు నవ్వు రాదు, గొంతు పట్టేస్తుంది. అందరూ దాన్ని లెదరు వాసన అంటారు. అది రెక్సిన్, ఎండకి వేగిన కొబ్బరిపీచు, కొంచెం పెట్రోలు. మొదటి రెండూ నేను ఇవ్వగలను. సీట్లకి ఇప్పటికీ పీచు మెత్తలే పెట్టిస్తాను. మూడోది మాత్రం ఎక్కడో కారుతున్న గుర్తు. అది పోవాల్సిందే. వెనక సీట్లో పిల్లలకి వాంతులు అవడంలో దానికీ వాటా ఉంటుంది.

అపోహ: "ఇప్పటి పెట్రోలుకి పాత ఇంజన్ బతకదు."

సగం నిజం. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000లో ఆగిపోయింది. ఇంజన్‌లో వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే అంచుల్ని వాల్వు సీట్లంటారు. సీసం వాటికి మెత్తటి పొరలా పనిచేసేది. అది లేకపోతే మెత్తని సీట్లు నెమ్మదిగా అరుగుతాయి. ఇంజన్ పైభాగం, అంటే హెడ్డు, విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించుకుంటే ఆ బెంగ తీరిపోతుంది. ఇప్పుడు వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలు, పంపులోని రబ్బరు పొర (డయాఫ్రమ్) దానికి మెత్తబడి చీలతాయి. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇథనాల్ తట్టుకునే గొట్టాలు దొరుకుతున్నాయి. వేయించండి. ట్యాంకులో నెలల తరబడి పెట్రోలు ఉంచకండి, ఇథనాల్ నీటిని లాక్కుంటుంది.

అపోహ: "స్టేషన్ వ్యాగన్లు మన దగ్గరికి రానేలేదు."

విడిగా డిక్కీ లేకుండా, కప్పు వెనకదాకా సాగి ఉండే కార్లవి. వచ్చాయి, మనమే తీసుకోలేదు. 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది. 1948 సీసీ డీజిల్ ఇంజన్. 2004లో ఇండిగో మెరీనా. వెనక తలుపు ఎత్తితే సామానంతా ఒక్కచోట కనిపిస్తుంది. పెళ్లిళ్లకి, తిరుపతికి అంతకంటే సౌకర్యం ఏముంది? కానీ విడిగా డిక్కీ ఉంటేనే కారు, లేకపోతే వ్యాను అనే మాట అప్పట్లో చాలా గట్టిగా ఉండేది. ఎస్టేట్‌లో పెరిగిన పిల్లలు మాత్రం దాన్ని మర్చిపోరు. వెనక దుప్పటి పరుచుకుని, అద్దంలోంచి వెనక్కి పోతున్న రోడ్డు చూస్తూ నిద్రపోయామంటారు. దాని ఇంజన్ సామాను టాటా పికప్‌ల వల్ల దొరుకుతుంది. వెనక అద్దం పగిలితే మాత్రం కష్టం. పాత బండి విప్పేచోట దొరికితే రెండు కొని దాచుకోండి.

అపోహ: "పదిహేనేళ్లు దాటిన బండి ఉంచుకోవడం నేరం."

డీజిల్‌కి పది, పెట్రోలుకి పదిహేను అన్న లెక్క ఢిల్లీ ప్రాంతానిది. మన దగ్గర పరీక్షకి నిలిపి, ఐదేళ్లకోసారి ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) పొడిగించుకోవచ్చు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. ఆ నంబరుతో రోజువారీ తిరగడానికి లేదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, మరమ్మతుకీ బయటికి తీయొచ్చు. నాన్న బండిలో అప్పుడప్పుడూ ఊరికి వెళ్లాలనుకుంటే మామూలు ఆర్‌సీ పొడిగింపే మేలు.

అపోహ: "కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే లేచి కూర్చుంటుంది."

నా దగ్గరికి వచ్చే ఇంజన్లలో బోరు, అంటే పిస్టన్ కదిలే గొట్టం, గీతలు పడ్డవి చాలావరకు ఇలా చెడినవే. ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్‌లో పిస్టన్ చుట్టూ ఉండే రింగులు బోరుకి అతుక్కుంటాయి, పెట్రోలు జిగురుగా మారుతుంది. ముందు ట్యాంకు ఖాళీ చేసి కడగండి. పాత ఆయిల్ తీసి కొత్తది పోయండి. నాలుగు ప్లగ్గులూ ఊడదీసి ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఆయిల్ వేసి, రెండు మూడు రోజులు వదిలేయండి. ఆ తర్వాత చేత్తో తిప్పి చూడాలి. అంబాసిడర్‌కి ముందు బంపర్‌లో హ్యాండిల్ దూర్చే రంధ్రం ఉంటుంది. ఆ హ్యాండిల్ చాలా ఇళ్లలో ఇప్పటికీ అటక మీదో, డిక్కీలో స్టెప్నీ వెనకో ఉంటుంది. తిరగకపోతే బలం పెట్టకండి. ఇంకాస్త ఆయిల్ వేసి ఇంకో రోజు ఆగండి. ఇంజన్ నడిచినా బ్రేకు సిలిండర్లు విప్పి చూడందే రోడ్డెక్కించొద్దు.

ఆ నోటుపుస్తకం బండికి నాలుగు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున హ్యాండిల్ దూర్చి, తిప్పమని కొడుకు చేతికే ఇచ్చాను. నాన్న ఎప్పుడూ తాకనిచ్చేవాడు కాదట, ఇంజన్ అంటుకుని హ్యాండిల్ వెనక్కి తంతే చెయ్యి విరుగుతుందని. ప్లగ్గులు తీసే ఉన్నాయి కాబట్టి ఆ భయం లేదు. తేలిగ్గా తిరిగింది.