ఒకే వరుసను ఇద్దరు మార్చబోతే

ఒక్కరే వాడే కంప్యూటర్‌కు ఏ డేటాబేస్ అయినా దాదాపు సరిపోతుంది. పలువురు ఒకేసారి పనిచేసే వ్యవస్థకు దాన్ని ఎంచుకునేటప్పుడు మాత్రం, వేగం సంగతి కన్నా ముందు, ఒకే సమాచారాన్ని ఇద్దరు ఒకే సమయంలో మార్చబోతే ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

గిడ్డంగిలో ఒక సరుకు నిల్వ 10 అనుకుందాం. ఇద్దరు ఉద్యోగులు ఆ అంకెను ఒకేసారి చదివి, ఒకరు 3, మరొకరు 4 తీసివేసి ఎవరి లెక్క వారు రాస్తే, మిగలవలసిన 3కు బదులు 7 గానీ 6 గానీ నమోదవుతుంది. తప్పు జరిగినట్టు ఏ హెచ్చరికా రాదు. నెలల తరువాత సరుకు లెక్కపెట్టినప్పుడు గానీ బయటపడదు. అందుకే దీన్ని అన్నిటికన్నా ప్రమాదకరమైన తప్పుగా నేను భావిస్తాను.

దీనికి పాత ఉపాయం తాళం: ఒకరి పని పూర్తయ్యేదాకా ఆ సమాచారాన్ని మరొకరు మార్చకుండా ఆపడం. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో సమాచారాన్ని నిల్వచేసే భాగాన్ని ఇంజిన్ అంటారు; ఒకప్పటి మైఐశామ్ ఇంజిన్ ఒకరు మార్పు రాస్తున్నంతసేపూ పట్టిక మొత్తాన్నీ తాళం వేసి ఉంచేది; 2010లో 5.5 వెర్షన్‌తో డిఫాల్ట్‌గా (వేరేది ఎంచుకోకపోతే వచ్చేదిగా) మారిన ఇన్నోడీబీ ఇంజిన్ సాధారణంగా సంబంధిత వరుసల వరకే వేస్తుంది. ఇన్నోడీబీ, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ రెండూ వరుస పాత రూపాన్ని కూడా కొంతకాలం దాచి ఉంచుతాయి కనుక, ఒకరు రాస్తుండగా మరొకరు ఆగకుండా చదువుకోవచ్చు.

అయితే చదివి, లెక్కవేసి, తిరిగి రాసే పనిలో ఈ ఏర్పాటు ఒక్కటే చాలదు. ఒకేసారి జరిగే పనులను ఒకదాని నుంచి మరొకదాన్ని ఎంతవరకు వేరుగా ఉంచాలో నిర్ణయించే స్థాయిలు ఉంటాయి; వాటిలో రిపీటబుల్ రీడ్ అనేది ఈ రెండింటిలోనూ ఉంది. పై ఉదాహరణలో ఆ స్థాయిని ఎంచుకుంటే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ రెండో ఉద్యోగి మార్పును తిరస్కరించి, మళ్లీ ప్రయత్నించమంటుంది. అదే పేరు గల స్థాయిలో ఇన్నోడీబీ మాత్రం దాన్ని మౌనంగా అంగీకరిస్తుంది. పైగా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో డిఫాల్ట్ స్థాయి అది కాదు, రీడ్ కమిటెడ్; అక్కడా అదే తప్పు దొర్లుతుంది. ఏది వాడినా, తీసివేతను డేటాబేస్‌లోనే ఒకే ఆదేశంగా చేయించడం, లేదా చదివేటప్పుడే ఆ వరుసకు తాళం వేయడం సురక్షితం.

డేటాబేస్ మొత్తాన్నీ ఒకే ఫైలులో ఉంచే ఎస్‌క్యూలైట్ ఎంతో నమ్మదగిన సాఫ్ట్‌వేరే గానీ, ఒక ఫైలులో ఒకసారి ఒక్కరినే రాయనిస్తుంది. ఆ ఫైలును నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పెట్టి పలు కంప్యూటర్ల నుంచి వాడితే పాడయ్యే ముప్పుందని దాని తయారీదారులే హెచ్చరిస్తున్నారు. ఏకకాల కనెక్షన్ల సంఖ్యనూ చూసుకోవాలి: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో డిఫాల్ట్ పరిమితి సాధారణంగా 100.

నిర్ణయానికి ముందు, ఎంచుకోబోయే డేటాబేస్‌కు రెండు కనెక్షన్లు తెరిచి, రెండింటిలోనూ ఆ 10ని చదివి, ఒకదాంట్లో 7, రెండోదాంట్లో 6 రాసి చూడండి.