ఒంటికన్ను బండికి బల్బు వేసే ముందు

చిన్నోడా, బుజ్జమ్మా,

ఇద్దరికీ తాత ఆశీస్సులు. ఇక్కడ మిర్యాలగూడలో అందరం మంచిగున్నాం. కోతలు మొదలయ్యాయి, మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరాయి. మొన్న చిన్నోడు ఫోన్లో చెప్పింది బస్టాండు రొదలో సగమే వినబడింది. నాకు అర్థమైంది ఇది: నల్లగొండలో కొన్న సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ బండి హెడ్‌లైటుకు డిప్పర్, అంటే కిందికి దగ్గరగా పడే వెలుగు, పోయింది; అప్పర్, అంటే దూరం కొట్టే వెలుగు, మాత్రం వెలుగుతోంది. షాపులో చూపిస్తే డూమ్, అంటే బల్బు కూర్చునే హెడ్‌లైటు గిన్నె, మొత్తం మార్చాలన్నారు. హాస్టల్ దోస్తేమో ఆన్‌లైన్‌లో ఎల్‌ఈడీ బల్బు తెప్పించుకో, పట్టపగల్లెక్క ఉంటది అన్నాడు. మధ్యలో బుజ్జమ్మ ఫోను గుంజుకుని, బల్బు గాజును చేత్తో ముట్టుకోవద్దంటారు ఎందుకు తాతా అని అడిగింది. ఇవన్నీ ఫోన్లో తేలేవి కావు. ఆటో ఎలక్ట్రికల్ షాపులో బతికినవాణ్ని, ఈ ముచ్చట ఎత్తుకుంటే తొందరగా ఆపలేను. ఓపిక చేసుకుని చదవండి.

డూమ్ మార్చే పని లేదు. అప్పర్ వెలుగుతోందంటే బల్బుకు ఎర్తు, అంటే కరెంటు తిరిగిపోయే దారి, అందుతున్నట్టే. రెండు లైట్లకూ ఎర్తు వైరు ఒక్కటే కదా. ఇక మిగిలింది డిప్పర్ ఫిలమెంటు (బల్బులో వెలిగే సన్నని తీగ), దాని వైరు, హ్యాండిల్ దగ్గరి స్విచ్చు. వీటిలో నూటికి తొంభైసార్లు పోయేది ఫిలమెంటే. ఎక్కువసేపు మండేది అదే మరి. పైగా 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే కొత్త టూవీలర్లన్నిటికీ ఇంజన్ స్టార్టయితే హెడ్‌లైటు తనంతట తానే వెలగాలన్న రూలు వచ్చింది. ఎర్రటి ఎండలో కూడా డిప్పర్ మండుతూనే ఉంటుంది. ఎదుటివాళ్లకు మన బండి కనబడాలని పెట్టిన రూలు, మంచిదే. బల్బు ఆయుష్షు మాత్రం పగలు కూడా ఖర్చవుతుంది.

స్పోర్ట్స్ బండి కాబట్టి ఇంకో సంగతి. ముందర రెండు కళ్లున్న బండ్లలో కొన్నిటికి డిప్పర్‌లో ఒక్క కన్నే వెలుగుతుంది, అప్పర్ వేస్తేనే రెండోది. కంపెనీవాడు చేసిందే అంత. అది తెలియక బల్బు పోయిందని షాపుకు తోలుకొచ్చేవాళ్లను చాలామందిని చూశాను. నీ బండి సంగతి మాన్యువల్లో చూసుకో. కొత్త బండ్లలో ఎల్‌ఈడీలు డూమ్‌లోనే అతికి వస్తున్నాయి, వాటిలో మార్చడానికి బల్బే ఉండదు. నీది ఫిలమెంటుతో వెలిగే హాలోజన్ బల్బు కాబట్టి అదృష్టవంతుడివి, వందల రూపాయల్లో పోతుంది.

ఇప్పుడు బుజ్జమ్మ ప్రశ్న. మామూలు బల్బులో ఫిలమెంటు వేడికి, అది చేసిన టంగ్‌స్టన్ లోహం కొంచెం కొంచెంగా ఆవిరై గాజుకు లోపల నల్లగా పడుతుంది. హాలోజన్ బల్బులో అయోడిన్‌గానీ బ్రోమిన్‌గానీ కాస్త నింపుతారు. ఆవిరైన టంగ్‌స్టన్‌ను ఆ వాయువు పట్టుకుని మళ్లీ ఫిలమెంటు దగ్గరకే చేరుస్తుంది. అందుకే గాజు నల్లబడదు, ఫిలమెంటును ఇంకా ఎక్కువ వేడి మీద వెలిగించొచ్చు. అయితే ఈ తిరుగుడు జరగాలంటే గాజు గోడ 250 డిగ్రీలు దాటి కాగాలి. ఆ వేడికి మామూలు గాజు ఆగదు కనుక క్వార్ట్జ్ అనే వేడికి ఆగే గాజు వాడతారు. దాని మీద మన వేలి జిడ్డు పడిందనుకో, ఆ చోట జిడ్డు మాడి గాజు మరీ కాగుతుంది. క్వార్ట్జ్ అక్కడ తెల్లగా పొరలు కట్టి, ఉబ్బి, ఒకరోజు పగులుతుంది. చేతులు ఎంత కడుక్కున్నా చర్మానికి నూనె ఉంటుంది. అందుకని బల్బును ఇనుప అడుగు పట్టుకునే తియ్యాలి, అడుగు పట్టుకునే పెట్టాలి. పొరపాటున గాజు తగిలితే మందుల షాపులో దొరికే స్పిరిట్ దూదికి అద్ది తుడిచి, ఆరాక వెయ్యండి.

ఐరోపాలో కార్లకు మొదటి హాలోజన్ బల్బు 1962లో వచ్చింది. ఒకే బల్బులో అప్పర్, డిప్పర్ రెండూ ఉండే హెచ్4 అనే రకం 1971లో వచ్చింది. హెచ్4 అంటే 60/55 వాట్లు. దానికి హోల్డర్‌లో దిగే కాళ్లు మూడు. చూడ్డానికి దాదాపు అలాగే ఉండే హెచ్ఎస్1 అనేది 35/35 వాట్లు, మన దేశపు బండ్లలో చాలావాటికి ఉండేది ఇదే. హెచ్7 అయితే ఒకటే ఫిలమెంటు, రెండు కాళ్లు, 55 వాట్లు. బల్బు అడుగు రేకు మీద రకం, వాట్లు చెక్కి ఉంటాయి. షాపుకు పోయి బండి పేరు చెప్పి అడగొద్దు, పాత బల్బు తీసుకెళ్లి చూపించు. నీ బండికి అప్పర్, డిప్పర్ ఒకే బల్బులో ఉన్నాయంటే అది మొదటి రెండింటిలో ఒకటి అయి ఉండొచ్చు.

హెచ్4ను పట్టి చూస్తే డిప్పర్ ఫిలమెంటు కింద చిన్న రేకు దొన్నె ఒకటి కనిపిస్తుంది. ఆ ఫిలమెంటు వెలుగు కిందివైపు పోకుండా అది ఆపుతుంది. అప్పుడు డూమ్ లోపలి మెరుపు అద్దం పైసగం మీద పడ్డ వెలుగు మాత్రమే తిరిగి రోడ్డు మీదికి వంగుతుంది. డిప్పర్ అంటే ఇంతే. బల్బు తలకిందులైతే అదే వెలుగు ఆకాశానికి పోతుంది. ఇదంతా మిల్లీమీటర్ల లెక్క. ఎండలో భూతద్దం పెట్టి కాగితం కాల్చే ఆట మీరిద్దరూ ఆడినవాళ్లే, అద్దం కాస్త జరిగితే కాగితం అంటుకోదు కదా. ఫిలమెంటు కూడా డూమ్‌లో తన చోట సరిగ్గా కూర్చుంటేనే వెలుగు చెప్పిన చోట పడుతుంది.

ఆ ఎల్‌ఈడీ బల్బు నాకు నచ్చనిది ఇందుకే. సన్నని తీగ ఉండాల్సిన చోట రేకు పలక మీద అతికించిన చిప్పులుంటాయి. వెలుగు పుట్టే చోటే మారిపోతుంది. అద్దమేమో తీగకు గీసి చేసింది. నీకు డూమ్ ముందర తెల్లగా ధగధగలాడుతుంది, దూరాన రోడ్డు మీద ఏమీ ఉండదు, ఎదురొచ్చే ముసలాయన కళ్లల్లో మాత్రం పొడుస్తుంది. పైగా వెనుక ఫ్యాను అడ్డమొచ్చి రబ్బరు మూత కూర్చోదు. దుమ్ము, వాన నీరు డూమ్‌లోకి పోతాయి. వంద వాట్ల హాలోజన్ కూడా వద్దు. 35 వాట్లకు వైరులో 3 ఆంపియర్లు పారితే, వందకు 8 దాటుతుంది. ముందు హోల్డర్ గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత కరుగుతుంది. డూమే మార్చేట్టయితే ఒక జాగ్రత్త. కుడివైపు నడిచే దేశాల కోసం చేసిన డూమ్‌లు ఆన్‌లైన్‌లో దొరుకుతుంటాయి. వాటిలో చాలావాటి డిప్పర్ వెలుగు కుడిపక్కన పైకి లేస్తుంది, మనకు కుడిపక్కనంటే ఎదురొచ్చేవాళ్లే.

ఇక పని. ఆదివారం పొద్దున నీడలో పెట్టుకోండి. బండి నడిపి వస్తే అరగంట చల్లారనివ్వండి. విప్పే ముందు, శనివారం పొద్దుగుంకాక, గోడకు 5 మీటర్ల దూరంలో బండి నిటారుగా నిలబెట్టి చిన్నోడు ఎక్కి కూర్చోవాలి. బుజ్జమ్మ నేల నుంచి లైటు నడుమ దాకా ఎత్తు కొలిచి గోడ మీద అంతే ఎత్తులో సుద్దతో అడ్డగీత గియ్యాలి. అప్పర్ వేసి వెలుగు నడిబొడ్డు ఎక్కడ పడితే అక్కడ ఒక గుర్తు. ఈ రెండు గుర్తులు తర్వాత పనికొస్తాయి.

మామూలు బండికి హెడ్‌లైటు హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంది. మీ బండికి అది ముందరి ఫెయిరింగ్‌లో, అంటే ప్లాస్టిక్ తొడుగులో, చాసిస్‌కే బిగించి ఉంటుంది. హ్యాండిల్ తిప్పినా లైటు కదలదు. ఇది మనకు మేలే. హ్యాండిల్ ఒక పక్కకు పూర్తిగా తిప్పితే కింద నుంచి చెయ్యి పోయే సందు దొరుకుతుంది, కొన్ని బండ్లకు అంతే చాలు. చెయ్యి పోకపోతేనే ఫెయిరింగ్ విప్పాలి. బోల్టుల పొడవు తలా ఒక తీరుగా ఉంటుంది, పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే లోపల ప్లాస్టిక్ పగులుతుంది. కాగితం మీద ఫెయిరింగ్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. రబ్బరులో దిగిన కొక్కేలను పక్కకు వంచొద్దు, నిటారుగా గుంజాలి. మన ఎండలకు ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంటుంది. తీసిన ఫెయిరింగ్‌ను పాత దుప్పటి మీద పెట్టండి.

బ్యాటరీ మైనస్ వైరు ముందే విప్పాలి. తర్వాత డూమ్ వెనక మూడు వైర్ల హోల్డర్. వైర్లు పట్టి గుంజొద్దు, హోల్డర్‌నే పట్టి అటూ ఇటూ ఆడిస్తూ వెనక్కు లాగాలి. దాన్ని వెలుతురులో ఒకసారి తేరిపార చూడండి. ఏ కాలు చోటైనా కమిలి ఉంటే లూజు కాంటాక్టు, హోల్డర్ కూడా మార్చాలి. దాని కింద రబ్బరు మూత, కింద నుంచి లాగితే ఊడుతుంది. అప్పుడు సన్నని తీగ క్లిప్పు కనిపిస్తుంది. లోపలికి నొక్కి పక్కకు జరిపితే వదులుతుంది. వేలితో పట్టుకునే వదలండి, లేదంటే ఎగిరి టప్పున మీద పడుతుంది. బల్బు వెనక్కు వచ్చేస్తుంది. గాజు పాలలాగా తెల్లబడితే లోపలికి గాలి పోయింది. ఫిలమెంటు తెగితే తీగ మధ్యలో విడిపోయి కనిపిస్తుంది. ఖాళీ రంధ్రంలో వేలు, గుడ్డ పెట్టి అద్దం తుడవాలని మాత్రం చూడొద్దు. ఆ మెరుపు పూత గుడ్డ తగిలినా గీసుకుపోతుంది.

కొత్త బల్బు రేకు చుట్టూ మూడు చెవులుంటాయి. పైది మిగతా రెంటికన్నా వెడల్పు. అది డూమ్‌లో పైగాడిలో కూర్చోవాలి. పెట్టాక వేలితో అంచును నొక్కి చూడు, ఎటూ ఊగకూడదు. ఊగితే బలవంతంగా క్లిప్పు వెయ్యకు, తీసి మళ్లీ పెట్టు. సరిగ్గా కూర్చున్న బల్బుకు క్లిప్పు పడటానికి బలం అక్కర్లేదు. రబ్బరు మూతకు పైకి అని గుర్తుంటే అది పైకే రావాలి, అంచు చుట్టూ పూర్తిగా అతుక్కోవాలి.

ఫెయిరింగ్ మూయకముందే బ్యాటరీ కలిపి, ఇంజన్ స్టార్ట్ చేసి డిప్పర్, అప్పర్, పాస్ (లైటు ఒక్కసారి మెరిపించే బటను) మూడూ చూసుకో. బిగింపులో తప్పుంటే అప్పుడే తెలుస్తుంది. కొత్త బల్బు వేసినా డిప్పర్ రాలేదంటే తప్పు స్విచ్చుదో, వైరుదో. అది నా దగ్గరకు తీసుకురా. రెండూ వెలగకపోతే ముందు ఫ్యూజు చూడు.

రాత్రికి మళ్లీ గోడ దగ్గరకు. అప్పర్ బొట్టు నిన్నటి గుర్తు మీదే పడితే బల్బు కూర్చుంది, స్క్రూలు ముట్టుకోవద్దు. డిప్పర్ పైఅంచు సుద్ద గీత కంటే కిందనే ఉండాలి. బొట్టు పక్కకు జరిగితే మళ్లీ బల్బే చూడాలి. డూమ్ వెనక సర్దే స్క్రూ తిప్పడం ఆఖరి పని.

బల్బు కొన్ని నెలలకే మళ్లీ పోతే దాన్ని తిట్టకండి, ఛార్జింగ్ చూపించండి. ఇంజన్ రేజు చేసి బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 13.5 నుంచి 14.5 వోల్టులుండాలి. 15 దాటితే ఛార్జింగ్ వోల్టును అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టే. వోల్టు 5 శాతం పెరిగితే బల్బు ఆయుష్షు సగానికి పడిపోతుంది.

ఇంత గీత, గుర్తు ఎందుకు తాతా అంటారేమో. చిన్నోడు సెలవులకు నల్లగొండ నుంచి ఇక్కడికి రాత్రిపూట వస్తానంటాడు. ఈ దినాల్లో రోడ్డు సగం మీద వడ్లు ఎండబోసి, నల్ల టార్పాలిన్ కప్పి, అంచుకు బండరాళ్లు పెడుతున్నారు. వాళ్లను ఎన్నిసార్లు వద్దన్నా కల్లాల్లో చోటు లేదంటారు, అదీ నిజమే. వెనక లైటు లేని ట్రాక్టర్లు సరేసరి. గంటకు 60 కిలోమీటర్ల మీద పోతే సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతాం. నల్ల టార్పాలిన్ డిప్పర్ వెలుగులోకి వచ్చాకే కనిపిస్తుంది. వెలుగు పక్కకు పడితే అప్పుడూ కనబడదు. ఈ కోతలు అయ్యేదాకా చీకటి పడ్డాక బండి మీద రావద్దు, బస్సెక్కు. బల్బు కొత్తదైనా సరే.

బల్బు నేనే తీసుకుని పంపేవాణ్ని, రకం తెలియదు. పాత బల్బు అడుగు రేకు ఫొటో తీసి రేపు పెట్టండి, ఇక్కడి షాపులో మంచిది చూసి రెండు తీసుకుంటాను. ఒకటి వెయ్యడానికి, ఒకటి సీటు కింద. బుధవారం ఆర్టీసీ కార్గోలో వేస్తాను. అమ్మమ్మ మురుకులు, గరిజెలు చేస్తోంది, అవి కూడా అదే అట్టపెట్టెలో వస్తాయి. ముందు బల్బులు తీసి పక్కన పెట్టుకుని, ఆ తర్వాత మురుకుల డబ్బా మూత తియ్యండి.

మీ తాత