ఓపెన్‌మ్యూజిక్ మొదలుపెట్టేవాళ్లకు: అపోహలు, వాస్తవాలు

చెన్నైలో కోడంబాక్కం, సాలిగ్రామం వైపు ‘ప్రోగ్రామింగ్’ అంటే కీబోర్డు ముందు కూర్చుని బీట్ కట్టడం, శాంపిల్స్ ఏరడం. అందుకే ‘విజువల్ ప్రోగ్రామింగ్’ అనగానే చేయి తిరిగిన కీబోర్డిస్టులు కూడా ఇదీ అదే అనుకుని ఓపెన్‌మ్యూజిక్ అనే సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. టైమ్‌లైన్ ఉండదు, మిక్సర్ ఉండదు. అరగంటలో మూసేసి, “పని చెయ్యట్లేదండీ” అంటారు. పని చేస్తుంది, కాకపోతే అది వేరే పని.

అపోహ: ఇది క్యూబేస్ (పాటల రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) లాంటిదే.

వాస్తవం: బాక్సులను కనెక్షన్లతో కలుపుతూ స్వరాలను లెక్కగా రాస్తే, ఆ లెక్కకు వచ్చిన జవాబును నొటేషన్‌లో చూపించే పనిముట్టు ఇది. పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో, కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద కట్టారు. ఉచితం. వచ్చిన ఫలితాన్ని మిడీగానో (స్వరాల సందేశాలు), మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్‌గానో (నొటేషన్ ఫైలు) ఎగుమతి చేసుకుని అప్పుడు క్యూబేస్‌లోకి తీసుకెళ్లండి.

అపోహ: కనెక్షన్లలో స్వరాలు పైనుంచి కిందికి వాటంతటవే పారతాయి.

ఎక్కువ మంది రోజులకు రోజులు పోగొట్టుకునేది ఇక్కడే. ఓపెన్‌మ్యూజిక్‌లో ఏదీ దానంతట అది పారదు. మీరు కింది బాక్స్‌ను ఎంచుకుని కీబోర్డు మీద ‘వి’ నొక్కితే, అది తన పైనున్న బాక్స్‌ను “నీ విలువ ఎంత?” అని అడుగుతుంది. అది ఇంకా పైదాన్ని అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ లెక్క మొదటినుంచీ జరుగుతుంది. ఈ చివరి మాట పట్టుకోండి.

మాయామాళవగౌళ తీసుకుందాం. షడ్జమాన్ని మధ్య సి దగ్గర పెడితే జాబితా ఇది (మధ్య సి 6000, సెమీటోన్‌కు 100, స్థాయికి 1200): 6000 6100 6400 6500 6700 6800 7100 7200. దీన్ని జాబితాలోంచి ఏదో ఒకటి ఎంచే ఎన్త్-రాండమ్‌కు ఇవ్వండి, దాని ఔట్‌లెట్‌ను (కింది రంధ్రాన్ని) అదే లెక్కను అన్నిసార్లు చేయించే రిపీట్-ఎన్‌కు కలిపి 16 అని పెట్టండి. పదహారు స్వరాలు వస్తాయి. ఇప్పుడు రిపీట్-ఎన్ నుంచి రెండు కనెక్షన్లు: ఒకటి నేరుగా, స్వరాల వరసను నొటేషన్‌లో చూపే ఒక కార్డ్-సీక్‌కు, రెండోది 1200 తీసేసే ఓమ్-మైనస్ మీదుగా ఇంకో కార్డ్-సీక్‌కు. అదే పాట కింది స్థాయిలోనూ రావాలని ఉద్దేశం. రెండింటినీ లిస్ట్ బాక్స్‌తో జతచేసి, రెండు వరసలనూ ఒకచోట చూపే మల్టీ-సీక్‌లో చూస్తే పై పాట వేరు, కింది పాట వేరు! సాఫ్ట్‌వేర్ తప్పు ఏమీ లేదు. రెండు దారుల్లో రెండుసార్లు అడిగారు, రాండమ్ రెండుసార్లు పాచికలు వేసింది.

మందు ఇదీ: రిపీట్-ఎన్ బాక్స్‌ను ఎంచుకుని ‘బి’ నొక్కండి. మూలన చిన్న గుర్తు వస్తుంది. దాని మీద క్లిక్ చేస్తూ పోతే పద్ధతులు మారతాయి. ‘ఒక్కసారే లెక్కించు’ అన్న పద్ధతి దగ్గర ఆపండి. పొరపాటున ఎన్త్-రాండమ్‌నే లాక్ చేశారో, పదహారుసార్లూ ఒకే స్వరం మోగుతుంది.

ఆ పద్ధతుల్లోనే ఉన్న పూర్తి లాక్‌తో ఇంకో తిప్పలుంది. బాక్స్ పాత జవాబును పట్టుకుని కూర్చుంటుంది. పైన రాగం మార్చి తోడి పెట్టినా కిందినుంచి మాయామాళవగౌళే వస్తుంది. ప్యాచ్ (కలిపిన బాక్సుల అమరిక) చెడిపోయిందని ఇన్‌స్టలేషన్ తీసేసి మళ్లీ వేసేముందు లాక్ గుర్తులు చూడండి. దీనికి తలకిందులుగా, కార్డ్-సీక్‌లో చేత్తో నాలుగు స్వరాలు సరిదిద్ది, లాక్ చేయకుండా కింద ‘వి’ కొడితే ఆ దిద్దుబాట్లు పోతాయి.

ప్యూర్ డేటా (బాక్సులు కలిపే ఇంకో సంగీత సాఫ్ట్‌వేర్) నుంచి వచ్చేవాళ్లకు ఇదంతా ఎదురుగా అనిపిస్తుంది. నిజంగానే ఎదురు: అక్కడ పై బాక్స్ కిందికి తోస్తుంది. ఎడమ ఇన్‌లెట్‌కు సంఖ్య అందినప్పుడే జవాబు బయటికొస్తుంది, కుడిది నిల్వ చేసుకుని ఊరుకుంటుంది. ఒకే ఔట్‌లెట్ నుంచి రెండు కనెక్షన్లు లాగితే ఏది ముందు వెళ్తుందన్నది మీరు ఏది ముందు లాగారన్నదాన్ని బట్టే, తెరమీద చూస్తే తెలియదు. అందుకే అక్కడ వరస ఖాయం చేసే ట్రిగర్ బాక్స్ పెట్టాలి.

అపోహ: మధ్య సి అంటే 60.

మిడీలో అవును. ఇక్కడ కొలత మిడీసెంట్లు, కాబట్టి 6000. జాబితాలో 60 రాస్తే సెకనుకు ఎనిమిదిన్నర కంపనాల స్వరం అవుతుంది, చెవికి అందదు. “శబ్దం రావట్లేదు” అన్న ఫిర్యాదుల్లో దీని వాటా తక్కువేమీ కాదు. ఇంకో సంగతి: (6000 6400 6700) అనే జాబితాను కార్డ్ బాక్స్‌కు ఇస్తే మూడూ కలిసి మోగుతాయి, కార్డ్-సీక్‌కు ఇస్తే సెకనుకొకటి చొప్పున వరసగా వస్తాయి. కార్డ్-సీక్‌లో కలిపి మోగాలంటే ఇంకో జత బ్రాకెట్లు వేయాలి.

కోడింగ్ రావాలా? అక్కర్లేదు, బ్రాకెట్లు లెక్కపెట్టడం వస్తే చాలు. ఖరీదైన లాప్‌టాప్? సంఖ్యల జాబితాలకు పాతది సరిపోతుంది. కంప్యూటరే స్వరపరిచేస్తుందా? పై ప్యాచ్‌లో రాగం ఎంచింది ఎవరో చూసుకోండి. గురువుగారు ఏమంటారో అని నెమ్మదిగా అడిగేవాళ్లూ ఉన్నారు. జంట వరసలు, తాళ ప్రస్తారాలు లెక్కలే కదా, భయపడాల్సిందేమీ లేదు.

అపోహ: గమకం ఇందులో కుదరదు.

కుదురుతుంది, కానీ విడి స్వరాలుగా కాదు. తోడి గాంధారాన్ని 6300 అనుకుంటే, అది 6100కూ 6500కూ మధ్య ఊగాలి. ఆ వంపును బీపీఎఫ్ అనే గీతలు గీసే బాక్స్‌లో గీసి, 20 ముక్కలు చేసి కార్డ్-సీక్‌లో పోస్తే ప్రతి ముక్కా విడిగా మీటినట్టు నత్తిగా వినిపిస్తుంది. స్వరం ఒక్కటే ఉంచి, వంపును పిచ్‌బెండ్‌గా (మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ వంచే మిడీ సందేశంగా) పంపాలి. మామూలుగా బెండ్ పరిధి రెండు సెమీటోన్లు, నడిమి విలువ 8192. కాబట్టి సెంటుకు 40.96. లెక్కవేస్తే 6500 దగ్గర 16384 వస్తుంది. మిడీ 16383 దాకానే ఒప్పుకుంటుంది. కత్తిరించకపోతే, పట్టించుకోని ప్రోగ్రాముల్లో అది సున్నాకు తిరిగి స్వరం దభీమని 6100కు పడుతుంది. సింథ్‌లో పరిధిని 12 సెమీటోన్లకు పెంచి, సెంటుకు 6.83 చొప్పున లెక్క మార్చుకోవడం మేలు. తంబూరాను మాత్రం వేరే ఛానెల్‌లో పెట్టండి. బెండ్ ఛానెల్ మొత్తానికీ వర్తిస్తుంది, లేకపోతే గాంధారంతో పాటు షడ్జమమూ ఊగుతుంది.