'పదిమంది పిల్లలకు ఒక టీచరా?': చిన్న బడుల మీద అపోహలు, వాస్తవాలు

నేను 23 ఏళ్లుగా ఎస్జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్ని. అందులో 14 ఏళ్లు ఏకోపాధ్యాయ బడుల్లోనే గడిచాయి. అన్నీ కనిగిరి వైపు మెట్ట ఊళ్లే. ఎండాకాలం వచ్చిందంటే చాలు, రేషనలైజేషన్ (పిల్లల లెక్కను బట్టి బడుల్ని కలపడం, టీచరు పోస్టుల్ని మార్చడం) మాట మొదలవుతుంది. ఈసారి ఏ బడి ఉంటుంది, ఏ బడి పోతుంది అని ఊళ్లో టెన్షన్, మాకూ టెన్షన్. ఆ రెండు నెలలూ రచ్చబండ దగ్గరా, టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగే మాటలు ఇంచుమించు ఏటా ఒకటే. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఏ బడినీ ఎప్పటికీ కలపకూడదు అనేవాణ్ని కాదు. ఒక విలీనానికి నేనే సంతకం పెట్టాను. ఆ సంగతి కింద చెబుతాను.

అపోహ: బడి మూస్తే ప్రభుత్వానికి బోలెడు డబ్బు మిగులుతుంది.

చిన్న బడి ఖర్చంతా టీచరు జీతమే. బడి మూసినా టీచర్ని తీసెయ్యరు కదా, పోస్టును ఇంకో బడికి మారుస్తారు. జీతం అలాగే ఉంటుంది. ఇక మిగిలేదేమిటి? 30 మంది లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్షా అనే కేంద్ర పథకం కింద ఏడాదికిచ్చే స్కూల్ గ్రాంటు 10,000 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫ్యాను రిపేరు అన్నీ అందులోనే. మధ్యాహ్న భోజనానికి 25 మంది వరకు ఒక వంటమనిషి ఉంటుంది. బడి పోతే ఆమె పని పోతుంది. మా ఊళ్లో ఆ పని చేసేది ఒంటరి ఆడమనిషి, నెలకు 3,000 గౌరవవేతనం. నిజంగా మిగిలింది ఆ డబ్బే అనుకోవాలి. బియ్యం మాత్రం పిల్లవాడు ఏ బడిలో తిన్నా పూటకు 100 గ్రాములే.

పోస్టులు మిగులుతాయి, కొత్త డీఎస్సీలో ఖాళీలు తగ్గుతాయి అంటే అది వేరే లెక్క. అది నిజమే. కానీ ఆ మాట పైకి చెప్పి చేయాలి.

అపోహ: ఒక్క కిలోమీటరే కదా, పిల్లలు నడిచిపోతారు.

నాకు అన్నింటికన్నా ఎక్కువ కోపం తెప్పించే మాట ఇది.

విద్యాహక్కు చట్టం కింద కేంద్రం చేసిన నియమాల్లో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు నడిచి వెళ్లగల 1 కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిదికి 3 కిలోమీటర్ల లోపు బడి ఉండాలని రాశారు. ఆ దూరం పిల్లవాడు ఉండే చోటు నుంచి. కానీ 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 117 జీవో ప్రకారం మూడు, నాలుగు, ఐదు తరగతులను హైస్కూళ్లకు మ్యాపింగ్ చేసినప్పుడు, అంటే అక్కడికి మార్చినప్పుడు, చూసింది బడికీ బడికీ మధ్య దూరం. మా బడికీ హైస్కూలుకూ మధ్య 900 మీటర్లు. కాగితం మీద సరిపోయింది. మా ఊరు మాత్రం బడికి అవతలి వైపు పొడుగ్గా సాగి ఉంటుంది. ఊరి చివర పాలెంలో పిల్లలకు మా బడే ముప్పావు కిలోమీటరు. కలిపితే ఎంతయిందో మీరే లెక్కేసుకోండి. ఎనిమిదేళ్ల పిల్ల, వీపున సంచి, మధ్యలో వాగు, ఆ తర్వాత లారీలు తిరిగే రోడ్డు.

ఆ రోజు ఒక అవ్వ బడి వాకిట్లో నిలబడి, "అయ్యోరా, ఆ రోడ్డు దాటించేదెవురు?" అని అడిగింది. కొడుకూ కోడలూ హైదరాబాదులో బేల్దారి పనికి పోయారు. ఇద్దరు మనవళ్లు ఆమె దగ్గర. చిన్నోడు రెండో తరగతి, మా బడిలోనే ఉండిపోయాడు. పెద్దోడు నాలుగు, హైస్కూలుకు పోవాలి. నిన్నటిదాకా అన్న చెయ్యి పట్టుకుని వచ్చిన తమ్ముడు ఇప్పుడు ఒక్కడే. ప్రాథమిక బడి వేళలు వేరు, హైస్కూలు వేళలు వేరు. కూలికి పోయే అవ్వ రెండు బడులకు రెండుసార్లు తిరగాలి. పై ఆఫీసుకు పంపిన ప్రొఫార్మాలో దీన్ని రాయడానికి గడి లేదు.

మూడు నుంచి ఐదు తరగతుల్లో మాకు అప్పుడు 14 మంది. హైస్కూల్లో చేరింది 9 మంది. నలుగురు ప్రైవేటు బడి పసుపు బస్సెక్కారు. ఒకడు అమ్మానాన్నల వెంట పనిచోటికి పోయాడు. తప్పెవరిదని చెప్పడానికి కాదు ఈ లెక్క. కలిపితే అందరూ కలిసిపోతారనే నమ్మకంతో లెక్కలేసే వాళ్ల కోసం.

అపోహ: కొత్త జాతీయ విద్యా విధానమే చిన్న బడులు మూసెయ్యమంది.

2020 విధానంలో 7వ అధ్యాయం చూడండి. చిన్న బడులతో ఉన్న ఇబ్బందుల్ని దాచకుండా రాశారు. 2016-17 లెక్కల్లో దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో దాదాపు 28 శాతం బడుల్లో 30 మంది కంటే తక్కువ పిల్లలున్నారని, లక్షా 8 వేల ఏకోపాధ్యాయ బడులున్నాయని చెప్పారు. ఆ వెంటనే, బడుల్ని కలపడం చాలా ఆలోచించి చేయాలి, పిల్లలకు బడి దూరం కాకూడదు, అలా చేసినా అసలు సమస్య దాంతో తీరేది కాదు అనే అర్థంలో రాశారు. దాని బదులు చూపిన దారి స్కూల్ కాంప్లెక్స్. అంటే బడులు ఎక్కడివక్కడే ఉండి, టీచర్లూ ల్యాబులూ సామానూ పంచుకోవడం. మన దగ్గర స్కూల్ కాంప్లెక్స్ అంటే మీటింగుకు పోయి సంతకం పెట్టి టీ తాగి రావడం. అది వేరే కథ.

అపోహ: చిన్న బడిలో చదువు రాదు.

దీన్ని కొట్టిపారేయలేను. మా అనుభవం మేమే ఒప్పుకోవాలి.

ఒక్క టీచరు, ఐదు తరగతులు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు. మూడు, నాలుగు, ఐదుకు వాటితో పాటు పరిసరాల విజ్ఞానం. మొత్తం 18 సబ్జెక్టులు. రోజుకు ఉండేది ఎనిమిది పీరియడ్లు. వీటి మధ్యలో హాజరు యాప్, భోజనం యాప్, మరుగుదొడ్డి ఫోటో. నెట్‌వర్క్ కోసం వేపచెట్టు కింద ఓ మూలకు పోయి నిలబడాలి. నేను సెలవు పెడితే పక్క బడి నుంచి ఎవరో ఒకరిని పంపుతారు, ఆ పూట వాళ్ల బడి ఖాళీ. మండల ఆఫీసులో మీటింగంటే బడికి తాళమే. ఇలాంటి చోట ఐదో తరగతి పిల్లవాడికి భాగహారం రాకపోతే ఆశ్చర్యం ఎందుకు?

కానీ ఇక్కడ తప్పు పిల్లలు తక్కువుండటమా, టీచరు ఒక్కరే ఉండటమా? విద్యాహక్కు చట్టం షెడ్యూలులో 60 మంది వరకూ ఇద్దరు టీచర్లు అని ఉంది. ఒక్కరు చాలు అని ఎక్కడా లేదు. అంతకు ముందు 1986 విద్యా విధానంతో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కూడా ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు అనే చెప్పింది. నలభై ఏళ్లు కావస్తోంది. 2024-25 యుడైస్ (కేంద్రం ఏటా తీసే బడుల వివరాలు) లెక్కల్లో ఏకోపాధ్యాయ బడులు దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ, 12 వేలు దాటాయి. పిల్లలు తక్కువుంటే ఒక్కరే అని మనమే పెట్టుకున్న లెక్క ఇది.

రెండో టీచరు వచ్చిన ఏడాది మా బడి ఎలా ఉందో చెబుతాను. ఆమె ఒకటి, రెండు తీసుకుంది. నేను మూడు, నాలుగు, ఐదు. పిల్లలు 22 మందే. డిసెంబరుకల్లా రెండో తరగతి వాళ్లు పేపరు చదివారు. మేమేమీ అద్భుతం చేయలేదు. పిల్లవాడు తప్పు చదివినప్పుడు వినేవాళ్లు పక్కన ఉన్నారు, అంతే.

అసలు చిన్న బడి నడపడం ఎలాగో దేశానికి నేర్పిన చోటు మన దగ్గరే ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు పెట్టి, ఒకే గదిలో అన్ని వయసుల పిల్లలూ ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునేలా కార్డుల పద్ధతి తయారుచేశారు. మెట్టు తర్వాత మెట్టు, ఒక కార్డు అయ్యాక ఇంకో కార్డు. 1990లలో కర్ణాటక వాళ్లు మైసూరు వైపు నుంచి వచ్చి చూసి, దాన్ని 'నలి కలి' పేరుతో తమ బడులకు తీసుకుపోయారు. తమిళనాడులో యాక్టివిటీ ఆధారిత బోధన వెనక కూడా ఈ పద్ధతే ఉంది. మాకు మాత్రం ట్రైనింగుల్లో ఇప్పటికీ ఒక తరగతికి ఒక టీచరు ఉన్నట్టే పాఠ్యప్రణాళిక రాయిస్తారు.

అపోహ: టీచర్లు చెప్పకే పిల్లలు తగ్గారు.

కొంత నిజం. చెప్పని టీచర్లు ఉన్నారు, నాకు తెలుసు. కానీ ముందు పుట్టేవాళ్ల లెక్క చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక మహిళకు సగటున పిల్లలు ఆంధ్రాలో 1.7, తెలంగాణలో 1.8. మా ఊళ్లో అంగన్‌వాడీ నుంచి ఈసారి ఒకటో తరగతికి వచ్చింది ముగ్గురు. దానికి తోడు వలస. ఇంగ్లీషు మీడియం మోజు ఎలాగూ ఉంది. అమ్మ ఒడి అయినా, తల్లికి వందనం అయినా డబ్బు ప్రైవేటు బడిలో చదివే పిల్లలకూ వస్తుంది. అది తప్పని అనను. కానీ బస్సు ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో ఊళ్లో అందరికీ తెలుసు.

ఇంకొకటి, ఒప్పుకోవాల్సిందే. నా కొడుకు కూడా ప్రైవేటులోనే చదివాడు. మా ఊరి రైతొకాయన ఒకసారి, "సార్, మీవాణ్ని మీ బళ్లో ఎందుకెయ్యలా?" అన్నాడు. ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు.

అపోహ: రెండు బడుల్ని కలపడం ఎప్పుడూ తప్పే.

నేను సంతకం పెట్టిన విలీనం ఇది. ఒకే ఊళ్లో రెండు ఎంపీపీ (మండల పరిషత్ ప్రాథమిక) స్కూళ్లు. ఒకటి మెయిన్. ఇంకొకటి ఎస్సీ కాలనీలో. పాత రిజిస్టర్లలో దాని పేరు పక్కన బ్రాకెట్లో 'హెచ్‌డబ్ల్యు' అని ఉండేది. అంటే హరిజనవాడ. మధ్య దూరం 300 మీటర్లు. మెయిన్‌లో 11 మంది, కాలనీలో 19. చెరో టీచరు. ఇద్దరం ఒకచోట కూర్చుంటే 30 మందికి ఇద్దరం అవుతాం. ఇందులో ఆలోచించాల్సిందేముంది అనుకున్నాను.

ఆలోచించాల్సింది ఏ గదుల్లో కూర్చోవాలనేది. సర్కారు బడుల్ని బాగుచేసే నాడు-నేడు పని జరిగింది కాలనీ బడిలో. నీళ్లు, ప్రహరీ, కొత్త మరుగుదొడ్లు అక్కడే. పిల్లలూ అక్కడే ఎక్కువ. మెయిన్ బడి పెంకులు జారిపోతున్నాయి. కాలనీ బడిలోకే కలపాలని నేను రాశాను. ఊళ్లో పెద్దలు వారం రోజులు నాతో మాట్లాడలేదు. "పిల్లలు అంతదూరం పోలేరు సార్" అన్నారు. 300 మీటర్లు! 11 మందిలో వచ్చింది ఆరుగురు. మిగతావాళ్లు కనిగిరికి, రోజూ బస్సులో.

అయినా మళ్లీ అడిగితే మళ్లీ సంతకం పెడతాను. కాలనీ పిల్లలు పెంకుటింటి వరండాలోకి రావాల్సిన పని లేకపోయింది. ఇద్దరు టీచర్లు వచ్చారు. ఆ ఆరుగురూ బాగానే చదివారు.

అపోహ: 117 జీవో రద్దయింది కాబట్టి ఇక భయం లేదు.

2025లో దాన్ని పక్కనపెట్టి కొత్త జీవోలు ఇచ్చారు. మూడు, నాలుగు, ఐదు మళ్లీ ప్రాథమిక బడికి వచ్చాయి. తరగతికో టీచరుతో మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. ఇది మంచి పనే. కానీ మిగిలిన చిన్న బడి బేసిక్ ప్రైమరీగా అదే ఒక్క టీచరుతో ఉంటుంది. మూడేళ్లలో బస్సెక్కిన పిల్లలు జీవో రద్దయిందని బస్సు దిగరు. మా బడికి తిరిగొచ్చింది ఇద్దరు.

తెలంగాణలో దీని తర్వాతి మెట్టు కనిపిస్తోంది. 2024-25లో ఒక్క పిల్లవాడూ లేని బడులు అక్కడ 2,245. తాళం వేయమని ఎవరూ ఆర్డరు ఇవ్వకపోయినా బడి ఖాళీ కాగలదు.

అపోహ: బోర్డు మీద మండల పరిషత్ అని ఉంది కాబట్టి మండల పరిషత్ అధ్యక్షుడో సర్పంచో ఆపగలరు.

బోర్డు మీద పేరు వరకే. నిర్ణయం విద్యాశాఖది, జీవోతో వస్తుంది. సర్పంచ్ ఉత్తరం రాస్తే మంచిదే, దాంతో ఆగదు.

మీ చేతిలో ఉన్నది స్కూల్ కమిటీ. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్లు. కొన్నిచోట్ల తెల్లకాగితం మీద ముందే సంతకాలు తీసుకుని తీర్మానం తర్వాత రాసుకుంటారు. ఇవ్వకండి. తీర్మానం మీరే రాయించండి. "మా బడి మాకు కావాలి" అని ఒక్క వాక్యం రాస్తే ఎవరూ చదవరు. ప్రతి పిల్లవాడి పేరు, ఇంటి నుంచి కొత్త బడికి నడిచి కొలిచిన దూరం, దారిలో వాగుందా, రోడ్డుందా, తోడు ఎవరు వస్తారు, ఇవి రాయండి. వాగు ఫోటో వర్షాకాలంలో తీసిపెట్టుకోండి, ఏప్రిల్‌లో తీస్తే ఇసుకే కనిపిస్తుంది. కమిటీ తీర్మానం కాపీ మండల విద్యాధికారికి ఇచ్చి, రసీదు తీసుకోండి.

కలపడం తప్పదంటే రవాణా ఖర్చు అడగండి. దగ్గర్లో బడి లేని పిల్లలకు సమగ్ర శిక్షా కింద ఏడాదికి గరిష్ఠంగా 6,000 రూపాయల వరకు ఇవ్వొచ్చు. ఆటో పెడతామని నోటిమాటగా అంటే ఒప్పుకోవద్దు. ఆటో ఎవరిది, నెలకు ఎంత, డబ్బు ఎప్పుడు పడుతుంది అనేది తీర్మానంలోనే రాయించండి. మా దగ్గర ఆ డబ్బు పడేసరికి ఫిబ్రవరి అయింది. ఆటో అతను దసరాకే మానేశాడు.