లేని తిత్తిని వెతికే స్కానింగ్

నెల్లూరు ఇళ్ళలో చేప కోసేటప్పుడు ఒక జాగ్రత్త తప్పదు. లోపలున్న ఆకుపచ్చ తిత్తి చిట్లకూడదు. చిట్లిందా, ఎంత మంచి మామిడికాయ వేసినా పులుసు చేదెక్కుతుంది. మన కాలేయం కిందా అలాంటి తిత్తే ఉంది. పిత్తాశయం, అదే గాల్‌బ్లాడర్. కాలేయంలో ఊరే పైత్యరసాన్ని 30 నుంచి 50 మిల్లీలీటర్ల దాకా దాచి, చిక్కబరచి, కొవ్వున్న తిండి పేగులోకి దిగగానే పిండి వదులుతుంది.

లక్షలో పది నుంచి అరవై అయిదు మందికి ఈ తిత్తి పుట్టుకతోనే ఉండదు. గర్భంలో నాలుగో వారానికి పేగు తొలిరూపం నుంచి ఒక మొగ్గ పుడుతుంది. దాని పైభాగం కాలేయమవుతుంది, కిందిది పిత్తాశయమవుతుంది. ఆ కిందిది ఎదగకపోతే పైత్యరసం ఆగకుండా నేరుగా పేగులోకి కారుతుంటుంది, అంతే. గుర్రానికీ పావురానికీ అసలీ తిత్తే లేదు. మన ఒంగోలు గిత్తకు ఉంది. మనుషుల్లో ఈ లోపాన్ని 1701 నాటికే నమోదు చేశారు.

చిక్కంతా నొప్పి వచ్చినప్పుడే. తిత్తి లేకపోయినా కొందరికి కుడి పక్కటెముకల కింద నొప్పి, వికారం ఉంటాయి. పైత్యనాళంలో రాళ్ళు కావచ్చు, నాళం చివర కండరం సరిగా వదులవకపోవడం కావచ్చు. పొదిలి నుంచి ఒకామె ఒంగోలు వెళ్ళి స్కానింగ్ తీయించుకుందనుకుందాం. తిత్తి ఉండాల్సిన చోట పక్క పేగులోని గాలి తెల్లగా మెరిసి వెనక నీడ వేస్తుంది. రాళ్ళతో ముడుచుకుపోయిన తిత్తి కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. రిపోర్టులో ‘ముడుచుకుపోయిన గాల్‌బ్లాడర్’ అని వస్తుంది. వేల తిత్తులు చూసిన కన్ను అక్కడ తిత్తినే వెతుకుతుంది, అందులో డాక్టరు అలసత్వం ఏమీ లేదు. రక్తంలోకి ఎక్కించిన మందు పైత్యరసంతో పాటు ఎటు పోతుందో చూసే హైడా స్కాన్ చేసినా అనుమానం తీరదు. మందు తిత్తిలోకి చేరకపోతే దారి మూసుకుపోయిందనే అర్థం చేసుకుంటారు. తిత్తే లేకపోయినా కనిపించేది అదే.

అలా ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళున్నారు. చిన్న రంధ్రాల గుండా కెమెరా పెట్టి చేసే ల్యాపరోస్కోపీలో తిత్తి కనపడక లోపల తవ్వుకుంటూ పోతే అసలు పైత్యనాళమే తెగే ప్రమాదం ఉంది. నా దృష్టిలో అక్కడ ఆగి, బయటికొచ్చి, ఎం.ఆర్.సి.పి. తీయించడమే సరైన పని. అది అయస్కాంత స్కానింగే. మందు ఎక్కించకుండానే పైత్యరసం తెల్లగా వెలిగి నాళాల దారంతా కనిపిస్తుంది. తిత్తి కాలేయం లోపల దాగిందా, ఎడమవైపుకు పోయిందా అన్నదీ తెలుస్తుంది. ఆ చోట్లన్నీ చూశాకే ‘లేదు’ అనాలి.

‘ముడుచుకుపోయిన గాల్‌బ్లాడర్’ అన్న మాట రిపోర్టులో కనిపిస్తే ముందు అడగాల్సింది, పరగడుపున వెళ్ళారా అని. పొద్దున తాగిన పాల టీ చాలు, మామూలు తిత్తి కూడా ముడుచుకుంటుంది. పాత రిపోర్టులు వెతకండి. ఎన్నడో ఒకసారి తిత్తి స్పష్టంగా కనిపించి ఉంటే పుట్టుకతో లేదన్న ప్రశ్నే లేదు. లేదని తేలిందా, ఆ మాట కాగితం మీద రాయించి ఫైల్లో పెట్టుకోండి. పదేళ్ళ తర్వాత నెల్లూరులో ఇంకో డాక్టరు మళ్ళీ మొదటి నుంచి వెతకక్కర్లేదు.