డిస్కు చివర్లో ఎడమకే ఎందుకు?

విశాఖలో సాగర్‌నగర్ దాటాక బీచ్ రోడ్డు పక్కన సరుగుడు చెట్లుంటాయి. మొన్న వేసవిలో అక్కడే డిస్క్ గోల్ఫ్ మొదలుపెట్టాం. డిస్కులు తెచ్చింది అమెరికా నుంచి సెలవులకొచ్చిన మా మేనల్లుడు. ఇదీ గోల్ఫే, కాకపోతే బంతి, కర్ర ఉండవు. చేత్తో పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కు విసరాలి, గుంత బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో వేయాలి. ఎన్ని తక్కువ విసుర్లలో వేస్తే అంత గొప్ప. మాకు ఇనుప బుట్ట ఎక్కడిది? చెట్టుకి ప్లాస్టిక్ బుట్ట కట్టి కానిచ్చేశాం.

నా డిస్కులన్నీ కాసేపు తిన్నగా వెళ్ళి, దిగే ముందు ఎడమకి ఒరిగిపోయేవి. నా చెయ్యే వంకరేమో అనుకున్నాను. "నీ తప్పు కాదు మావయ్యా, దాని స్వభావమే అంత" అన్నాడు వాడు. ఎందుకో మాత్రం చెప్పలేకపోయాడు.

జవాబు బొంగరంలో ఉంది. తిరిగే బొంగరం ఒరిగినా వెంటనే పడిపోదు, మెల్లగా చుట్టూ తల తిప్పుతుంది. గిర్రున తిరిగేదాన్ని ఒక వైపు వంచబోతే అది అటు వంగదు, దానికి తొంభై డిగ్రీల పక్కకి ఒరుగుతుంది. డిస్కు గాల్లో ఎగిరే బొంగరమే.

విమానం రెక్కని ఎత్తినట్టే డిస్కునీ గాలి పైకెత్తుతుంది. ఆ బలమంతా ఒక్క చోట పనిచేస్తోందనుకుంటే, ఆ చోటు సరిగ్గా నడిమధ్యన ఉండదు. చిక్కంతా ఇక్కడే. డిస్కు జోరుగా వెళ్తున్నప్పుడు ఆ చోటు కాస్త వెనక ఉంటుంది, అందుకని ముక్కు, అంటే డిస్కు ముందంచు, కిందికి వంగబోతుంది. తిరుగుతోంది కాబట్టి వంగదు, కుడికి ఒరుగుతుంది. జోరు తగ్గి కిందికి దిగేటప్పుడు గాలి అడుగు నుంచి తగలడం ఎక్కువై, ఎత్తే బలం ముందుకి జరుగుతుంది. ముక్కు లేవబోతుంది, డిస్కు ఎడమకి ఒరుగుతుంది. ఇది కుడిచేతిని ఛాతీ మీదుగా వెనక్కి లాగి విసిరేవాళ్ళ లెక్క. మా మేనల్లుడిది ఎడమచెయ్యి, వాడికి అంతా అద్దంలోలా తారుమారు.

మధ్యాహ్నం దాటాక ఆట మారిపోతుంది. ఎండకి నేల సముద్రం కంటే త్వరగా కాగుతుంది. నేల మీది గాలి పైకి లేస్తుంటే నీటి మీది చల్లగాలి ఇటు వస్తుంది. డిస్కుకి లెక్క నేల మీది వేగం కాదు, గాలిని కోసుకెళ్ళే వేగం. సముద్రం వైపు విసిరితే ఎదురుగాలి ఆ వేగాన్ని పెంచుతుంది, కుడికి ఒరగడమూ పెరుగుతుంది. అలా నాదొకటి పూర్తిగా తిరగబడి, ఇసుకలో చక్రంలా దొర్లుకుంటూ పోయింది. అదే సముద్రానికి వీపు పెట్టి విసిరితే, ఎత్తే బలం చాలక తొందరగా కూలబడుతుంది. అలాగని వెనక గాలి ఎప్పుడూ నష్టమే అనుకోకండి. 2016లో అమెరికాలోని నెవాడా ఎడారిలో డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ అనే ఆటగాడు 338 మీటర్లు విసిరింది గాలి సాయంతోనే. అది విసిరే జోరున్నవాళ్ళ సంగతి, నాది కాదు.

ఇంకోటి. విశాఖ ఉక్కపోతలో గాలి బరువెక్కిందనిపిస్తుంది. నిజానికి తేమ గాలే తేలిక. నీటి అణుభారం 18, నత్రజనిది 28, ఆక్సిజన్‌ది 32. బరువైన వాటి చోటు తేలికది తీసుకుంటుంది మరి. బరువెక్కేది మన చొక్కా.

ఇక బుట్ట. మా ప్లాస్టిక్ బుట్టకి తగిలిన డిస్కు తగిలినట్టే ఎగిరి బయటపడేది. గొలుసులు అలంకారానికి కాదని అప్పుడు తెలిసింది. డిస్కు తగలగానే గొలుసులు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఊగుతాయి, దాని వేగాన్ని తాము పంచుకుంటాయి, డిస్కు చతికిలబడుతుంది. ఈ గొలుసుల బుట్టని తయారుచేసింది ఎడ్ హెడ్రిక్. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఆయన వేసిన డిస్క్ గోల్ఫ్ మైదానంలో మొదట బుట్టల్లేవు, గురికి కర్రలే. డిస్కు కర్రకి తగిలిందా లేదా అని ఎన్ని వాదనలు జరిగి ఉంటాయో! ఆయన 2002లో పోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని కొన్ని డిస్కుల్లో కలిపి పోతపోశారు.

మేమూ ఊరుకోలేదు. సైకిల్ షాపులో పాత చైన్లు ఆరు అడిగి తెచ్చి బుట్ట పైన వేలాడదీశాం. డిస్కులు బాగానే ఆగుతున్నాయి. గ్రీజు మాత్రం ఎంత తోమినా చేతులకి వదలడం లేదు.