డాక్టరు చీటీ లేకుండా దొరికే బరువు తగ్గించే మాత్రలు: అపోహలు - వాస్తవాలు

పెళ్లి ముహూర్తాలకు నెల రోజుల ముందు నుంచి హైదరాబాద్‌లోని మా మందుల దుకాణంలో తరచుగా వినిపించే ప్రశ్న, "సన్నబడటానికి చీటీ అక్కర్లేని మాత్ర ఏదైనా ఉందా అండీ?" అన్నది. అడిగేవారిలో చాలామంది అప్పటికే ఒకటి రెండు డబ్బాలు వాడి ఉంటారు. ఫార్మసిస్టుగా వారికి చెప్పే మాటలనే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మూలికలతో చేసినది కాబట్టి హాని ఉండదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టే నమ్మకం ఇదే. ఆకలిని అణచే సిబుట్రమిన్ అనే మందు గుండె జబ్బు ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ముప్పును పెంచుతుందని తేలడంతో 2010లో అమెరికా మార్కెట్ నుంచి తొలగించారు, 2011లో మన దేశంలోనూ నిషేధించారు. అయినా "పూర్తిగా సహజం" అని ముద్రించిన కాప్స్యూళ్లలో, లేబుల్ మీద పేరైనా లేకుండా, అదే మందు ప్రయోగశాల పరీక్షల్లో పదేపదే బయటపడింది. అందువల్ల ఆన్‌లైన్‌లో తెప్పించిన మాత్ర వేసుకున్నాక ఆకలి ఒక్కసారిగా చచ్చిపోయి, నిద్ర పట్టక, గుండె దడ మొదలైతే, మందు పనిచేస్తోందని సంతోషించవద్దు. వెంటనే ఆపి, ఆ డబ్బాతో సహా వైద్యుని దగ్గరకు వెళ్లండి.

లోపల ఉన్నది నిజంగా మూలికే అయినా మోతాదును చూడాలి. కప్పులో తాగే గ్రీన్ టీకీ, దాని సారాన్ని చిక్కబరచి నింపిన మాత్రకూ పోలిక లేదు. అందులోని ఈజీసీజీ అనే పదార్థాన్ని మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరిగినట్లు యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో తెలిపింది. ఇక బరువు తగ్గిస్తుందని అమ్మే గార్సీనియా అనే మొక్క సారం సంగతి: 135 మందిపై 12 వారాలు జరిపి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, అది వేసుకున్నవారు ఉత్తుత్తి (మందు లేని) మాత్ర వేసుకున్నవారికన్నా ఎక్కువేమీ తగ్గలేదు.

అపోహ: డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) నంబరు ఉంది కనుక పనిచేస్తుంది.

వాస్తవం: ఆ 14 అంకెల సంఖ్య ఆహార వ్యాపారానికి ఇచ్చిన లైసెన్సు మాత్రమే. డబ్బా తిప్పి చూడండి, ఔషధంగా వాడరాదన్న మాట అక్కడే ఉంటుంది.

అపోహ: చీటీ లేకుండా దొరికేది ఏదీ పనిచేయదు.

వాస్తవం: ఇదీ పూర్తిగా నిజం కాదు. అమెరికాలో 2007 నుంచి చీటీ లేకుండా అమ్ముతున్న 60 మిల్లీగ్రాముల ఓర్లిస్టాట్ అనే మందు, తిన్న కొవ్వులో సుమారు నాలుగో వంతును పేగుల్లో జీర్ణం కానివ్వదు. అయితే దానికి రెట్టింపైన 120 మిల్లీగ్రాముల మోతాదును ఏడాది పాటు ఆహార నియమంతో వాడినా, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే అదనంగా తగ్గేది సగటున 3 కిలోల దరిదాపుల్లోనే. జీర్ణం కాని ఆ కొవ్వు మలంతోనే బయటకు పోవాలి కనుక, బిర్యానీ తిన్న రోజున జిడ్డు విరేచనాలు ఆపుకోలేనంతగా రావచ్చు. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లూ శరీరానికి సరిగా అందవు.

థైరాయిడ్ మాత్ర వాడే ఒక గృహిణి, క్రమం తప్పకుండా వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు చాలనప్పుడు రక్తంలో పెరిగే హార్మోన్) పెరిగిందని ఒకసారి రిపోర్టు పట్టుకుని వచ్చారు. చీటీలో లేదు కదా అని ఓర్లిస్టాట్ వాడుతున్న సంగతి ఆమె డాక్టరుకు చెప్పలేదు. అది థైరాయిడ్ మందును శరీరంలోకి సరిగా వెళ్లనివ్వకపోవచ్చు కనుక రెండింటి మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలని చెప్పి, మోతాదు పెంచే ముందు డాక్టరుకు చూపించమని ఆ కాప్స్యూళ్ల పేరును ఆమె చీటీ వెనకే రాసి పంపాను.